ఎడమ వాటం కీలు

బాబాయి నూనెగుడ్డ మడతలు విప్పుతున్న తీరు చూడగానే ఆమె గుండెల్లో రాయి పడింది. కోపంగా విసిరేసే వస్తువైతే వద్దని తిరిగి విసిరేయొచ్చు. ఇంత జాగ్రత్తగా, పసిపిల్ల మొహం మీద దుప్పటి తీసినట్టు విప్పేదాన్ని ఎలా కాదనాలో ఆమెకు ఇంతవరకూ తెలిసిరాలేదు.

గుడ్డలో ఆరు కీలున్నాయి. గిటారు తలకు అమర్చి, తీగను బిగిస్తూ, సడలిస్తూ శ్రుతి చేసే కీలు. బంగారు పూత, బరువైన మూతలు. పడుచుతనంలో బృందంతో ఊళ్లు తిరిగే రోజుల్లో బాబాయి కొనుక్కున్నవి. ఏ గిటారూ వాటికి తగినది కాదనిపించి ఇన్నాళ్లూ దాచాడు.

"నీకోసమే ఉంచాను తల్లీ. అమ్మేయమని మీ పిన్ని ఎన్నిసార్లు పోరిందో అడుగు."

"నేనెప్పుడు పోరాను?" లోపలి బల్ల దగ్గర ఎలక్ట్రిక్ గిటారు పికప్ కోసం జుట్టుకన్నా సన్నటి రాగితీగను చుట్ట చుడుతున్న పిన్ని తల ఎత్తకుండానే అంది. "చీమలు పడతాయేమో చూసుకోమన్నాను. బెల్లంలా దాచావు కదా మరి."

గిటార్లు చేసే బాబాయి షాపులో ఒక కట్టుబాటు ఉంది. పని నేర్చుకున్నవాళ్లు చివర్లో తమకోసం ఒక గిటారు చేసుకోవాలి. కొయ్య ఎంచుకోవడం నుంచి మెరుగు పెట్టడం దాకా వాళ్ల ఇష్టం. కీలు బిగించడం మాత్రం బాబాయి పని. ఆయన చెయ్యి పడితే గిటారు ఎదుటి గోడకెక్కుతుంది. గోడకెక్కితే నేర్చుకున్నవాళ్లకి సొంత బెంచీ దక్కుతుంది. తర్వాత గిరాకీలు వాళ్లనే అడిగి పని ఇవ్వొచ్చు. ఇప్పుడు ఆమె వంతు, ఆమె కన్నేసిన బెంచీ కిటికీ పక్కది.

ఆమె ఒక కీ తీసుకుని వేళ్లమధ్య తిప్పింది. లోపల మరలు చెక్కిన మరకడ్డీ తిరుగుతుంటే పళ్లచక్రం మెత్తగా, ఎక్కడా తడబడకుండా కదిలింది. ఇంత మంచి కీ ఆమె చేతిలోకి ఎప్పుడూ రాలేదు. అదే బాధ.

"బాబాయ్, ఇవి కుడి వాటానివి."

"తెలుసులేవే. నీ గిటారు తలేమో తిరగేసి చేశావు. కుర్రకారు ఫ్యాషన్ కదా, నేనేమన్నా అన్నానా? ఇవి అటు తిప్పి పెడదాం. బిగించాలంటే వెనక్కి తిప్పాలి, అంతేగా. రెండు రోజుల్లో అలవాటైపోతుంది. నీకు ఏదైనా ఇట్టే అలవాటవుతుంది."

చివరి మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. అందుకే అది సూదిలా లోపలికి దిగింది.

చిన్నప్పుడు ఆమెది పుర్రచేతి వాటం. పిన్ని సరదాగా పుర్రమ్మ అని పిలిచింది, ఆ పిలుపు నిలిచిపోయింది. మొదటి పాఠం రోజు ఆమె గిటారును తనకు తోచినట్టు ఒళ్లో పెట్టుకుంటే, బాబాయి నవ్వుతూ దాన్ని అటు తిప్పి, మీటే ముక్కను కుడివేళ్ల మధ్య పెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. పుర్రచేతి గిటార్లు ఎక్కడ దొరుకుతాయమ్మా, అన్నాడంతే. ఆమెకు అలవాటైంది. బాగా వాయించింది, చప్పట్లు కూడా పడ్డాయి. కానీ ప్రతి స్వరం మోగేముందు లోపల ఎవరో అడ్డుపడి, దాన్ని వేరే భాషలోకి మార్చి చేతికి అందిస్తున్నట్టుండేది. ఆ క్షణకాలపు ఆలస్యం వినేవాళ్లకు తెలియదు. ఆమెకు అది తప్ప ఇంకేదీ వినిపించేది కాదు. మనుషుల దగ్గరా అంతే. ఏదైనా అడిగితే మనసులో ఒక జవాబు లేచేది, నోట్లోంచి ఇంకొకటి వచ్చేది. అందరూ నెమ్మదస్తురాలు అనేవారు. పేరు పుర్రమ్మగానే ఉంచి చెయ్యి మార్చారు.

ఈ గిటారుకు, మెడకి అటూ ఇటూ ఉండే రెండు కొమ్ములూ సమానంగా ఉన్న బాడీ ఎంచుకున్నప్పుడు, చూడ్డానికి బాగుంటుందని తనకు తాను చెప్పుకుంది. అది సగం అబద్ధం. అలాంటి బాడీ ఏ చేతిదో ఎవరూ పోల్చలేరు. శబ్దం పెంచే తగ్గించే నాబ్‌లకు రంధ్రాలు వేయకుండా ఆపిందీ అందుకే. తల ఒక్కటే నిజం చెబుతోంది. దాన్నేమో బాబాయి ఫ్యాషన్ అనుకున్నాడు. ఆయన పొరపడితే ఆమె దిద్దలేదు. దిద్దకపోవడంలో ఎంత హాయి ఉందో, ఎంత పిరికితనం ఉందో ఆమెకు బాగా తెలుసు.

"ఫ్యాషన్ కాదు బాబాయ్. గిటారే ఎడమచేతిది. తీగలు కూడా అటునుంచి ఇటే వస్తాయి."

పిన్ని చేతిలో చుట్ట ఆగింది.

"ఎవరికి?" అన్నాడు బాబాయి.

"నాకు."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే ఆమె మొహం చూసి, నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గుడ్డ అంచు సర్దాడు. "కుడిచేత్తో అంత చక్కగా వాయిస్తావు. దాన్ని గంగలో కలిపి మళ్లీ ఓనమాలు దిద్దుకుంటావా? బుద్ధున్న పనేనా?"

"చక్కగానే వాయిస్తాను. వాయించేది నేనేనా అని అనుమానం."

"ఇదిగో, ఇలాంటి మాటలు నాకు అర్థం కావు."

"నాకూ అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది."

ఆమె తన సొరుగు లాగి ఒక అట్టపెట్టె తీసి బల్లమీద పెట్టింది. ఎడమ వాటం కీలు. వెనక మూతల్లేవు, చక్రం పళ్లు బయటికే కనిపిస్తున్నాయి. పూత లేదు, ఉత్త నికెల్ తెలుపు. తేలిక.

బాబాయి ఒకటి తీసి చూశాడు. పనివాడు కాబట్టి చూడకుండా ఉండలేకపోయాడు. "ఇవా? దుమ్ము పడుతుంది."

"తుడుస్తాను. నీ కీల బరువుకి ఈ తల కిందికి వాలిపోతుంది, మెడ పట్టుకునే చెయ్యి మోతచెయ్యి అవుతుంది. పైగా తిప్పి పెడితే తీగ లాగుడికి చక్రం మరకడ్డీకి ఎడంగా జరుగుతుంది. ప్రతిసారీ కాస్త వదులు వస్తుంది. ఈ సంగతి నాకు నేర్పింది నువ్వే."

"నేర్పాను. నేర్పినవి నా మీదికే తిప్పుతావని అనుకోలేదు." ఆయన గుడ్డ మళ్లీ మడిచాడు. ఈసారి మడతలు సరిగ్గా రాలేదు. "సరే, వినుకో. వాటిని నేను బిగించను. నా చెయ్యి పడని గిటారు గోడకెక్కదు. బెంచీ సంగతి కూడా మర్చిపో."

"ఏమయ్యా, అన్నగారి పిల్లతో ఆ మాటలేంటి?" అంది పిన్ని.

"నువ్వు చుట్ట చుట్టుకో."

"చుడతాను. ఇలాగే మాట్లాడితే నీకూ చుడతాను."

ఎవరూ నవ్వలేదు. మామూలుగా అయితే ఇక్కడ ఆమె సర్దుకునేది. సరేలే బాబాయ్, నీ ఇష్టం అనేది. ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. ఎంత నున్నగా వచ్చిందంటే, అది తన మాట కాదని ఆ నునుపు చూసే గుర్తుపట్టింది. తన మాటలెప్పుడూ గరుగ్గా వస్తాయి.

"నేనే బిగించుకుంటాను," అంది.

మర్నాడు పొద్దున షాపు నిండా మనుషులుండగానే పని మొదలుపెట్టింది. చాటుగా చేస్తే దొంగతనం అవుతుంది. తల మీది ఆరు రంధ్రాలను చేతి రీమరుతో కొద్దికొద్దిగా వెడల్పు చేసి, కీ గొట్టం వేలితో నొక్కితే దిగేంతవరకూ గీసి చూసుకుంది. ఆరు కీలూ దూర్చి, వెనక ఇనుప స్కేలు ఆనించి వరస సరిచూసింది. స్క్రూల కోసం సన్నటి బెజ్జాలు వేయాలి. డ్రిల్లు ఎక్కువ లోతు దిగకుండా దాని మొనకు టేపు చుట్టింది. స్క్రూలకు సబ్బు రాసింది, గట్టి కొయ్యలో వాటి తలలు తెగిపోకుండా.

స్క్రూడ్రైవర్ ఎడమచేత్తో పట్టుకుంది. ఎవరూ చూడనప్పుడు ఎప్పుడూ ఆ చేత్తోనే పట్టుకునేదని ఇప్పుడు తట్టింది. ఎవరైనా వస్తే ఎప్పుడు మార్చుకునేదో ఆమెకే తెలియదు.

నాలుగో కీ దగ్గర డ్రిల్లు జారింది. బెజ్జం పక్కకు పోయి కీ వంకరగా కూర్చుంది. స్కేలు ఆనిస్తే ఒక్కటే వరస తప్పి, బడిలో చెయ్యెత్తిన పిల్లలా కనిపించింది. బాబాయి దూరంనుంచి చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడంలోనే, చూశావా, పుర్రచెయ్యి అన్నది స్పష్టంగా వినిపించింది. లేక ఆయన అనుకోనిదాన్ని తనే వింటోందా? ఇన్నేళ్లుగా ఆయన గొంతు ఆమె లోపల కాపురం పెట్టింది. అద్దెకున్నవాడు ఎవరో, ఇల్లుగలవాడు ఎవరో తేల్చుకోలేని స్థితి.

కొయ్యపుల్ల చెక్కి, జిగురు పూసి ఆ బెజ్జంలో కొట్టింది. ఆరాక మళ్లీ వేసింది. చెయ్యి జారినందువల్లే తప్పు వచ్చింది. ఆ చెయ్యి ఆమెది. తప్పు కూడా పూర్తిగా తనదే కావడంలో ఇంత నిబ్బరం ఉంటుందని ఆమె ఊహించలేదు.

తర్వాత బాడీ మీద తీగలు ఆనే వంతెన అమరింది, నాబ్‌లకు రంధ్రాలు పడ్డాయి. తీగలెక్కించిన రోజు బాబాయి ఊరుకోలేకపోయాడు. ఎంత పంతమున్నా, కొత్త గిటారు కనబడితే ఆయన చెయ్యి ఆగదు.

"ఇటివ్వు. శ్రుతి నిలుస్తుందో లేదో చూస్తా."

తన వాటంగా ఒళ్లో పెట్టుకున్నాడు. కింద ఉండాల్సిన సన్నతీగ పైకొచ్చింది, కీలు కాళ్లవైపు తిరిగాయి. తీగ మీటి, కీ తిప్పాడు. స్వరం దిగింది. ఇంకాస్త తిప్పాడు. ఇంకా దిగింది.

"జారుతోంది. మర తప్పుది."

"మర సరిగ్గానే ఉంది. నువ్వు అటు తిప్పుతున్నావు."

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. ఇంకోవైపు తిప్పబోయి, వేళ్లు ఒప్పుకోక ఆగాడు. మళ్లీ మొదటివైపే తిప్పాడు. మొహం ఎర్రబడింది.

"రెండు రోజుల్లో అలవాటైపోతుంది బాబాయ్," అంది ఆమె.

లోపల పిన్ని గట్టిగా దగ్గింది. బాబాయి గిటారు బల్లమీద పెట్టి లేచాడు. "అన్నమాట అన్నదే. గోడకెక్కదు."

"ఒళ్లోకెక్కితే చాలు."

గిటారు తీసుకుని కిటికీ పక్క బెంచీ మీదికి వెళ్లి కూర్చుంది. శ్రుతి చేసుకుంది. మొదటి స్వరం మోగింది, రెండోది తప్పింది. ఎడమచెయ్యి ఏ తీగ ఎక్కడుందో తెలియక తడుముకుంటోంది. మెడ మీద కుడివేళ్లు మొద్దుల్లా పడుతున్నాయి. మూడు స్వరాల వరసను కూడా పూర్తి చేయలేకపోయింది. అది ఆమెకు చిన్నప్పుడే వచ్చిన వరస. కానీ ఇప్పుడు మధ్యలో అడ్డుపడి మాట మార్చేవాళ్లు లేరు. వేలు తప్పితే వెంటనే, సూటిగా తప్పుతోంది. మళ్లీ మొదలుపెట్టింది.

అప్పుడే పెళ్లిళ్లలో వాయించే బ్యాండాయన తన గిటారు సంచితో లోపలికొచ్చి, కాసేపు విని మొహం చిట్లించాడు. "కొత్తగా నేర్చుకుంటున్నారామ్మా?"

"అవునండీ. ఇవాళే మొదలుపెట్టాను."

"మంచిది, మంచిది. గురువుగారు పక్కనే ఉన్నారుగా." బాబాయి వైపు తిరిగి సంచి విప్పాడు. "ఒక కీ అసలు నిలవడం లేదండీ, పాట మధ్యలో పరువు పోతోంది."

బాబాయి చెయ్యి చాచాడు. అంతకంటే ముందే ఆమె లేచి ఆ గిటారు అందుకుంది.

"అది నాకివ్వండి. నేను చూస్తాను."

"అమ్మాయ్," అన్నాడు బాబాయి. ఆ ఒక్క పిలుపులో ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసే హెచ్చరిక ఉంది. "ఆ బెంచీ ఎవరికీ ఇవ్వలేదు."

"ఇవ్వొద్దు. తీసుకున్నాను. వద్దంటే బెంచీతో సహా నన్ను మోసుకెళ్లి బయట పెట్టు."

బ్యాండాయన ఒకసారి ఆయన్నీ ఒకసారి ఆమెనూ చూశాడు. "ఇంతకీ ఎవరు చేస్తారండీ?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. గిటారును బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి, మెడ కింద మెత్త పెట్టి, ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ తీసుకుంది. వెనక బాబాయి అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. ఆయన నీడ పని మీద పడింది.

"కొంచెం పక్కకి జరుగు బాబాయ్," అంది తల ఎత్తకుండా. "వెలుతురు రావాలి."