జీడిమచ్చ

వేసవి సెలవులు వచ్చాయంటే నర్సీపట్నంలో పిల్లలకి పూర్తిగా తెల్లారకుండానే పని మొదలు. అప్పలకొండ మనవరాలు లావణ్యకి పొద్దున్నే స్కేటింగ్, అది కాగానే అబాకస్, ఆ పైన వెస్టర్న్ డాన్స్. మధ్యాహ్నం కునుకు తీసి లేస్తే ఫ్రీ ప్లే క్లాసు. ఆటోలో తీసుకెళ్లేదీ, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని గుమ్మం బయట కాపలా కూర్చునేదీ అప్పలకొండే.

ఆ ఫ్రీ ప్లే చూస్తేనే ఆవిడకి ఒళ్లు మండేది. మేడ మీద ఒక గది, నేలంతా రబ్బరు చాపలు, మధ్యలో ప్లాస్టిక్ తొట్టినిండా కడిగి ఆరబెట్టిన మట్టి. సారు విజిల్ వేస్తే పిల్లలు అందులో చేతులు పెట్టాలి, మళ్లీ వేస్తే తియ్యాలి. తీసిన చేతుల మీద శానిటైజర్ పోస్తాడు. నవ్వమంటే నవ్వుతారు. ఆ నవ్వుల్ని ఫోటో తీసి తల్లులకి పంపుతాడు. ఒకరోజు ఓ పిల్ల మట్టి ముద్ద చేసి పక్కదాని మీదికి విసిరిందని మూల నిలబెట్టారు. ఆడుకోవడానికి వచ్చి ఆడినందుకు శిక్ష!

"థూ! ఆటకి కూడా మేస్టారేటే? రేపు తుమ్మడానికీ కోచింగ్ ఎడతారు" అంది అప్పలకొండ ఇంటికొచ్చి. "మా సిన్నప్పుడైతే..."

"మొదలెట్టారా అత్తయ్యా?" అంది కోడలు సాయిలక్ష్మి, ఆఫీసు బ్యాగు సర్దుకుంటూ. "మీ చిన్నప్పుడు పాములు కూడా కరిచేవి."

అప్పలకొండ పెదవి మూల మచ్చ తడుముకుంది.

ఆ ఊళ్లో పెద్దవాళ్ల ఒంటి మీది మచ్చలు వేసవి మధ్యాహ్నాలు దిగి తిరుగుతాయి. పిల్లలు ఎక్కడో పడి, లేచి, ఎవరి మచ్చలు వాళ్లు సంపాదించుకున్నన్నాళ్లూ అవి ఉన్నచోటే ఉండేవి. ఇప్పుడు పిల్లల మోకాళ్లు తోమిన గిన్నెల్లా తళతళలాడుతుంటే వాటికి మనసు నిలవడం లేదు. జీడిపళ్లు రాలే రోజుల్లో, పెద్దవాళ్ల కన్ను మూతపడగానే మెల్లగా జారి నేల మీద పాక్కుంటూ పిల్లల్ని వెతుక్కుంటాయి. మచ్చతో పాటు అది పడిన రోజు జ్ఞాపకం కూడా పెద్దవాళ్లని వదిలి, అంటుకున్న పిల్లకి చేరుతుంది. అందుకే తల్లులు పక్కలు దులిపి మరీ పిల్లల్ని పడుకోబెడతారు. సాయిలక్ష్మి ఇంకో ఆకు ఎక్కువ చదివింది. లావణ్య మంచం చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీసేది. అత్తగారి మోకాలి మచ్చలు రెండూ ఆ గీత దగ్గర ఆగిపోతే చీపురుతో ఊడ్చి పెరట్లో పారబోసింది. అవి ఎక్కడ పడినప్పటివో అప్పలకొండకి ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రాదు.

ఇక ఆవిడ చిన్నతనానికి మిగిలింది పెదవి మీది జీడిమచ్చ ఒక్కటే. రావికమతం అవతల వాళ్ల తోటలో, చిటారుకొమ్మ మీద కూర్చున్న నేస్తం, దేవుళ్లు అనే పిల్ల, "పచ్చి జీడిగింజ పళ్లతో కొరుకు, నిన్నూ పైకి రానిస్తాను" అని పందెం వేసింది. కాల్చకుండా కొరకకూడదని ఆ తోటల్లో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. తెలిసీ కొరికింది. జీడి చిమ్మి పెదవి బొబ్బలెక్కితే, దేవుళ్లు తనే ఏడుస్తూ చెట్టు దిగి, తోట పక్కన పారే గెడ్డదాకా ఈడ్చుకెళ్లి మొహం నీళ్లలో ముంచింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే కొమ్మ మీద కూర్చుని చీకటి పడేదాకా పళ్లు తిన్నారు. పెళ్లయిన ఏడాదికే దేవుళ్లు చచ్చిపోయింది. దానికి ఒక ఫోటో కూడా లేదు. అందుకే అప్పలకొండ పెదవి మీద వేలు అదిమిపెట్టుకునే నిద్రపోయేది.

మే నెల చివర్లో సాయిలక్ష్మి మిఠాయి పొట్లంతో వచ్చింది. విశాఖలో ఏదో అకాడమీ అట. పిల్లలు ఏడాది పొడుగునా అక్కడే ఉండాలి, ఆదివారం కూడా క్లాసులే. ఒంటి మీద ఒక్క దెబ్బ మచ్చ కూడా లేని పిల్లల్నే తీసుకుంటారు. అంత జాగ్రత్తగా పెరిగినవాళ్లే మాట వింటారని వాళ్ల లెక్క.

"మన పాపకి ఒక్క గాటు లేదు" అంది సాయిలక్ష్మి గర్వంగా. "ఎల్లుండే చూస్తారు."

"గాటు నేకపోడం గొప్పేటే? కొట్లో బొమ్మకీ ఉండదు."

మర్నాడు డాన్సు సారు రాలేదు. తిరిగొస్తుంటే దారిలో ఎవరిదో ఇల్లు కడుతున్న చోట ఇసక గుట్ట కనిపించింది. అప్పలకొండ ఆటో ఆపించింది. "ఎల్లవే, ఆడుకో. మీయమ్మకి సెప్పన్లే."

లావణ్య ఇసక ముందు చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపు చూసి వెనక్కి తిరిగింది.

"విజిల్ వెయ్యి నానమ్మా" అంది.

ఛీ, ఏం చేసిపెట్టారు ఈ పసిదాన్ని! కోడలి మీదా, సార్ల మీదా, నీళ్ల సీసా మోసిన తన మీదా అప్పలకొండకి ఒక్కసారే అసహ్యం పుట్టింది.

ఆ మధ్యాహ్నం మంచం చుట్టూ ఉన్న గీతని కాలితో చెరిపేసింది. మనవరాలి పక్కన పడుకుంది. చాలాసేపు వేలు తియ్యబుద్ధి కాలేదు. చివరికి, "ఎల్లవే దేవుళ్లూ, ఇది నీకు నేస్తం" అని గొణిగి, చెయ్యి తీసి కళ్లు మూసుకుంది.

అకాడమీవాళ్లు లావణ్య పెదవి చూసి ఫైలు మూసేశారు. సాయిలక్ష్మి బస్సులో ఏడ్చి, ఇంటికొచ్చి అత్తగారితో మాట్లాడ్డం మానేసింది. ఇరుగుపొరుగు వచ్చి, గీత రెండు వరసలు గియ్యాల్సిందమ్మా అని ఓదార్చి వెళ్లారు.

మర్నాడు స్కేటింగుకి పోతున్న ఆటోని లావణ్యే ఆపించింది. "దిగు నానమ్మా, బేగి!" అని చెయ్యి పట్టి లాగి, కొండవైపు జీడితోటలోకి పరిగెత్తింది. గౌను ఎగదోపుకుని, ఎన్నాళ్ల నుంచో అలవాటున్నదానిలా చెట్టెక్కేసింది.

అప్పలకొండ ఆయాసపడుతూ కింద నిలబడింది. "పెదివికేటయిందే ఆ మచ్చ?"

"పచ్చి గింజ కొరికేసినాను. దేవుళ్లు పందెం ఏసింది."

"దేవుళ్లా? అదెవత్తే?"

లావణ్య పైనుంచి కథంతా చెప్పింది. గెడ్డలో మొహం ముంచడం, ఒకే కొమ్మ మీద కూర్చోవడం, చీకటి పడడం. అప్పలకొండ లావణ్య విసిరిన పండు కొరికి, నోరు తెరుచుకుని విన్నది. నున్నటి పెదవి మీంచి కారుతున్న పండు రసం పైటచెంగుతో తుడుచుకుంది.

"అదృష్టవంతులే మీరు" అంది. "మా సిన్నప్పుడు ఇలాటియ్యేవీ నేవు."