వేలం ఎనిమిదింటికి ముగుస్తుంది

“అద్దంలా మెరవాలి. పాతదని ఫొటోలో తెలియకూడదు,” అన్నాడు మా ఆయన, సోఫాలోంచి లేవకుండానే.

ఆ రోజు నేలమీద కూర్చుని నా గిటారు తుడుస్తున్నాను. అమ్మకానికి. పెళ్ళికి ముందు, మొదటి ఉద్యోగంలో, మధ్యాహ్నాలు క్యాంటీన్ ముఖం చూడకుండా కూడబెట్టి కొనుక్కున్నది. ఈ ఇంటికొచ్చాక బీరువా వెనక చేరింది. దాని పెట్టె నిలబెడితే శవపేటికలా ఉందని అత్తయ్యకు భయం. “వాయించేది లేదు, పాడేది లేదు. ఆ చోట్లో ఇస్త్రీ బల్ల పడుతుంది,” అంది. ఎందుకు వాయించడం లేదని మాత్రం ఎవరూ అడగలేదు. నేను గిటారు పట్టుకున్నప్పుడల్లా ఆయనకు తలనొప్పి వచ్చేది, అంతే. ఇస్త్రీ చేసేదీ నేనే కనక ఆ చోటు ఎలాగూ నాకే దక్కుతుందట.

ఆన్‌లైన్ వేలం సైట్లో ఖాతా ఆయనది. డబ్బు పడే బ్యాంకూ ఆయనదే. తుడవడం, ఫొటోలు తీయడం, వివరాలు రాయడం, కొనేవాళ్ళ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులివ్వడం నా వంతు. ఎవరికీ నచ్చకూడదని కావాలనే మసక వెలుతురులో ఫొటోలు తీశాను. “ఇంత చదువుకుని ఇదేనా తీయడం,” అంటూ ఆయన కిటికీ తెర లాగి మళ్ళీ తీశాడు. గిటారు కొత్తదానిలా మెరిసింది.

అప్పుడు చేశాను ఆ పని. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటాను. జీతం నేరుగా ఆయన ఖాతాకు వెళ్తుంది. సెలవు రోజుల్లో పనిచేసినందుకు డాక్టరమ్మ చేతిలో పెట్టే డబ్బు మాత్రం క్లినిక్‌లోనే, దూది డబ్బా అడుగున దాక్కుంటుంది. దాని సంగతి ఇంట్లో తెలియదు. ఆ ధైర్యంతోనే ‘నీటిచుక్క’ అనే పేరుతో ఇంకో ఖాతా తెరిచి, నా గిటారుకు నేనే పాట పాడాను.

మొదట ఎవరూ పోటీకి రాలేదు. హమ్మయ్య అనుకునేలోపు ‘స్వరరాణి’ అని ఒకావిడ దిగింది. నేను పెంచితే తనూ పెంచుతుంది. దూది డబ్బాలో ఉన్నదంతా దాటిపోయాను, అయినా ఆగలేకపోయాను. నా చేతుల్లోంచి లాక్కుంటున్నట్టే ఉండేది ప్రతిసారీ.

ఎంత తెలివితక్కువ పని చేశానో తర్వాత అర్థమైంది. గెలిచినవాళ్ళ చిరునామా అమ్మినవాళ్ళకు వెళ్తుంది. నేనిచ్చింది క్లినిక్ చిరునామా. ఓడితే గిటారు పోతుంది. గెలిస్తే ఆ చిరునామా ఆయన ఫోన్లో తేలుతుంది, వెనకే నేనూ తేలతాను.

ఆయన కొట్టే మనిషి కాదు. ఆ మాట అందరికీ చెప్పుకుంటాడు కూడా. మాట్లాడటం మానేస్తాడు, అంతే. ఒకసారి ఆయన్ని అడక్కుండా మా చెల్లి ఫీజు కట్టానని నెల పైన నావైపు చూడలేదు. చూపు నన్ను దాటుకుని వెనకున్న గోడ మీదికి పోయేది. చివరికి బాత్‌రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నా పేరు నేనే పైకి అనుకునేదాన్ని, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి. ఇప్పటికీ ఆయన మాట మధ్యలో కాస్త ఆగితే నా అరచేతులు తడుస్తాయి.

ఈ సాయంత్రం ఎనిమిదింటికి వేలం ఆఖరు. వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి, డబ్బాల వెనక దాచిన ఫోన్లో పాట పెంచాను. టీ పోసేలోపే స్వరరాణి నన్ను దాటేసింది. కప్పులు తీసుకుని హాల్లోకి వెళ్ళాను.

“ఎవడో పిచ్చోడు తగిలాడమ్మా,” అంటున్నాడు ఆయన. “నీటిచుక్కట. ఎంత గిల్లినా పైకే వస్తున్నాడు.”

దొరికిపోయాననే అనుకున్నాను.

“అమ్మేవాడివి, నువ్వెలా గిల్లుతావురా?” అంది అత్తయ్య.

“నీ నంబరు మీద ఖాతా తెరిచానులే. స్వరరాణివి నువ్వే.”

“నాకు చెవులే సరిగ్గా వినపడవు కదరా,” అని అత్తయ్య పడీ పడీ నవ్వింది. ఆయన నా చేతిలోంచి కప్పు అందుకుని, చూపు ఫోన్లోంచి తిప్పకుండా, “చక్కెర సరిపోలేదు,” అన్నాడు.

చక్కెర కోసం వంటింట్లోకి వచ్చి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఏదో పెద్ద సంగీత విద్వాంసురాలితో పోరాడుతున్నాననుకున్నాను. పక్క దిండు మీద గురక పెట్టే మనిషితోనా? ఫోన్ తీశాను. ఇంకో పాటకు సమయం ఉంది. బొటనవేలు మీట మీదికి వెళ్ళింది. ఏం చేస్తున్నాను నేను? ఒకసారి కొన్నదాన్నే మళ్ళీ కొంటున్నాను. నా సెలవులన్నీ తీసుకెళ్ళి ఆయన బ్యాంకులో పోయడానికి, అదీ దొంగలా, పొయ్యి పక్కన నక్కి. వేలు వెనక్కి తీసుకున్నాను.

“ఏడీ వీడు?” హాల్లోంచి ఆయన గొంతు. “రారా బాబూ, ఒక్కసారి రా. అయిపోవస్తోంది.” ఎనిమిదయ్యాక, “ఛ. నా గిటారు నాకే అంటగట్టి పోయాడు. కమీషన్ దండగ. సర్లే, ఏమోయ్, రేపు మళ్ళీ ఫొటోలు తియ్యి.”

చక్కెర డబ్బా పట్టుకునే వెళ్ళాను. “తియ్యనండీ. ఆ పిచ్చోడు మళ్ళీ రాడు.”

“నీకేం తెలుసు?”

“అది నేనే.” గొంతు సగమే పలికింది. మిగతా సగాన్ని బలవంతంగా లాగాను. “గిటారు నాది. ఇక కొనను. అమ్మను కూడా.”

ఆయన కప్పు కిందపెట్టాడు. చూపు నన్ను దాటి గోడ మీదికి వెళ్ళింది.

“అమ్మా, డబ్బు ఎక్కడిదో అడుగు,” అన్నాడు.

వాళ్ళిద్దరికీ మధ్యనే నిలబడి ఉన్నాను. మొదలైందన్నమాట. అత్తయ్య నావైపు తిరిగి నోరు తెరిచింది.

“మీరుండండత్తయ్యా,” అన్నాను. “ఆయన్నే అడగమనండి. నేనిక్కడే ఉన్నాను.”