పైడమ్మ సముద్రానికి వచ్చిన ఏడు

నేను ఒక గుడారాన్ని. ముతక కాన్వాసు ఒళ్ళు, అంచుల వెంట తాళ్ళకోసం ఇత్తడి రింగులు, నడుమ ఒక పొడవాటి కర్ర. కర్ర నిలబెడితే ఇల్లవుతాను, తీసేస్తే మూటవుతాను. రెండో పెద్ద యుద్ధం జరిగే రోజుల్లో కాన్పూరులో ఒక మిల్లులో నన్ను కుట్టారు. ఎక్కడికి పోతానో కుట్టినవాళ్ళకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ వాళ్ళకు లేదు. ఓడ అడుగున పడి సముద్రం దాటి, దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవులో దిగాను. ఒక సైనిక ఆసుపత్రి ఆవరణలో నన్ను వేశారు. నా నీడన పడుకున్న ఇంగ్లీషు సిపాయిలు పొద్దస్తమానం ఇంటి సంగతులే చెప్పుకునేవారు. వాళ్ళ భాష నాకు అలా పట్టుబడింది. యుద్ధం అయిపోగానే వాళ్ళను ఇళ్ళకు పంపి నన్ను వేలానికి పెట్టారు.

నన్ను పాడుకున్నవాడు అప్పలసామి. చక్కెర మిల్లులో ఫిట్టరు. చెరకు తోటల్లో కూలికని విశాఖ వైపు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ సంతతి. నా గుడ్డను రెండు చేతులా లాగి చూసి, "గట్టి సరుకు" అన్నాడు. మనుషులు నా గురించి అన్న మాటల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఆ దేశంలో క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది. దుకాణాలవాళ్ళు చెమటలు తుడుచుకుంటూ గాజు తలుపుల మీద దూదితో మంచు అంటిస్తారు. అప్పలసామి ఇంట్లో క్రైస్తవులెవరూ లేరు. అయినా మిల్లు మూసే సెలవులు అవే కాబట్టి వాళ్ళకూ అది పండగే. అప్పలసామి, భార్య గౌరమ్మ, కూతురు వరాలు, కోళ్ళ గంప, బియ్యం మూట, గేలపు కర్రలు, అన్నిటి మీదా నేను. మిల్లు లారీలో సముద్రపు ఒడ్డుకు పోయేవాళ్ళం. అక్కడ ఇసుకలో నన్ను నిలబెట్టి వారం పదిరోజులు ఉండేవారు. అప్పలసామి పట్టిన చేపకన్నా జారిపోయిన చేప ఎప్పుడూ పెద్దదే. గౌరమ్మ ఇంట్లో వండినదే ఇక్కడా వండేది, కాకపోతే ఇసుక కలిసేది. దాన్నే అందరూ ఎంతో రుచిగా ఉందనేవారు.

రానిది ఒక్క పైడమ్మే, అప్పలసామి తల్లి. భీమిలి దగ్గర పల్లెలో పుట్టి, ఏడెనిమిదేళ్ళ పిల్లగా తల్లితో కలిసి ఓడెక్కి వచ్చింది. ఓడ దిగిన నాటి నుంచీ మళ్ళీ సముద్రం మొహం చూడలేదు. రమ్మంటే, "మీరు పోండిరా బాబూ, కోళ్ళకి గింజలెయ్యడానికి ఓ మనిసుండాలి" అనేది. ఆ కోళ్ళు గంపలో మాతో వచ్చేసేవన్న సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

అది ఒంటి రంగును బట్టి ఊళ్ళనూ బళ్ళనూ రైలుపెట్టెలనూ విడదీసిన దేశం. ఒక ఏడు, ఆ ఒడ్డును కూడా తెల్లవాళ్ళకే ఇచ్చేస్తున్నారని, వచ్చే వేసవికి మనల్ని రానివ్వరని మిల్లులో చెప్పుకున్నారు. ఆ సంగతి అప్పలసామి ఇంట్లో చెబుతుంటే నేను వాకిట్లో ఎండలో ఆరుతున్నాను. లోపలి నుంచి పైడమ్మ గొంతు వినిపించింది.

"అయితే ఈపాలి నానూ వస్తాను."

వచ్చింది. వచ్చి, నా లోపల కర్రకు ఆనుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. అటువైపు గుడ్డ దించి కట్టెయ్యమంది. తిండీ నిద్రా అన్నీ అలాగే. గౌరమ్మకు ఒళ్ళు మండింది. "దీనికోసమా అత్తా ఇంత దూరం వచ్చావు?" అంటే, కట్టిన గుడ్డ అంచును ఇంకాస్త కిందికి లాక్కుంది.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం, అమ్మా నాన్నా గేలాల దగ్గరున్నప్పుడు, వరాలు వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్లకు పన్నెండేళ్ళుంటాయి.

"మామ్మా, నీకు సముద్రమంటే భయమా?"

"భయమేటే గుంటా. కోపం." పైడమ్మ కాసేపు ఇసుక గీస్తూ కూర్చుంది. "నాకో తమ్ముడుండీవోడు. సూరిగాడు. మూడేళ్ళోడు. ఓడలో జొరమొచ్చింది. పెరుగన్నం పెట్టమని ఒకటే ఏడుపు. ఓడలో పెరుగెక్కడిది? ఓ తెల్లారి లేచి సూస్తే ఆడు సల్లబడిపోయున్నాడు. గుడ్డలో సుట్టి నీళ్ళలోకి జారిడిసేసినారు. మాయమ్మ మళ్ళీ ఆడి పేరెత్తలేదు. కర్మా లేదు, ఓ ముద్దా లేదు."

వరాలు మామ్మ భుజం మీద తల పెట్టుకుంది. ఆ సాయంత్రం పైడమ్మ గౌరమ్మను పిలిచి, "రేపు కూసింత పెరుగన్నం కలిపి పెట్టే" అంది. గౌరమ్మ ఎందుకని అడగలేదు. వరాలు అప్పటికే చెప్పినట్టుంది.

తెల్లవారి గౌరమ్మ గిన్నెలో పెరుగన్నం కలుపుతుండగా జీపు వచ్చి ఆగింది. చేతిలో టోపీతో ఒక తెల్ల అధికారి, వెనక ఇద్దరు పోలీసులు. వచ్చే వేసవి దాకా ఎవరూ ఆగలేదు. ఇసుక మొదట్లో తెల్లవాళ్ళకు మాత్రమేనన్న బోర్డు పాతేశారు. గుడారాలన్నీ వెంటనే తియ్యాలన్నాడు అధికారి. అప్పలసామి ఇంగ్లీషులో బతిమాలుకున్నాడు. "ఈ రోజు పండగ కదండీ. రేపు పొద్దున్నే వెళ్ళిపోతాం." పండగని తనకూ తెలుసన్నాడు అధికారి. ఇంటిదగ్గర తన పిల్లలూ ఎదురుచూస్తున్నారని, కాబట్టి త్వరగా కానివ్వమని అన్నాడు. ఆ మనిషి అరవలేదు, తిట్టలేదు. పని ముగించుకుని పోదామని వచ్చినవాడు, అంతే. ఒక పోలీసు నా తాడు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు పైడమ్మ బయటికి వచ్చింది. వచ్చిన నాటి నుంచీ మొదటిసారి సముద్రం వైపు తిరిగి, చేతిలో పెరుగన్నం గిన్నెతో, అధికారి ముందు నిలబడింది.

"ఒరే దొరా, మమ్మల్ని లెగ్గొడతన్నావు, సరే. ఈ నీళ్ళడుగున మావోళ్ళు పడుకునున్నారు. ఆళ్ళని కూడా లేపి పంపించెయ్యగలవేటి?"

అధికారి వరాలు వైపు చూశాడు. "ఏమంటోంది?"

అప్పలసామి నోరు తెరవబోయి ఆగిపోయాడు. వరాలు నాన్న మొహం చూసింది, పోలీసు నడుముకున్న లాఠీ చూసింది. ఇంగ్లీషులో, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మా మామ్మ చాలా ముసలిదండి. వెళ్ళిపోయే ముందు ఒక్కసారి సముద్రంలో కాళ్ళు కడుక్కోనివ్వమని మిమ్మల్ని బతిమాలుతోంది."

అధికారి గడియారం చూసుకున్నాడు. ముసలమ్మను చూశాడు. మాట లేకుండా సముద్రం వైపు చెయ్యి చూపించి, టోపీ తలమీద పెట్టుకుని, నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు. పోలీసు తాడు వదిలేశాడు. అప్పలసామి వంగి, బిగుతుగానే ఉన్న ఇంకో తాడును మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు.

పైడమ్మ నీళ్ళలోకి నడిచింది. మొదటి అల మోకాళ్ళకు తగిలినప్పుడు తూలింది, గౌరమ్మ పరుగెత్తి పట్టుకుంది. పైడమ్మ ముద్దలు కలిపి ఒక్కొక్కటే నీళ్ళకు వదిలింది. "సూరీ! ఒరే సూరీ! తినరా నాయినా" అని పిలిచింది. ఇంటి వెనక ఆడుకునే పిల్లాణ్ణి అన్నానికి పిలిచినట్టే ఉంది ఆ పిలుపు. పక్క గుడారాలవాళ్ళు మూటలు కట్టడం ఆపి చూశారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె రాలేదు. అధికారి మళ్ళీ గడియారం చూసుకోలేదు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. ఆమె తిరిగి రాగానే పోలీసులే నన్ను పడగొట్టారు.

ఆ తర్వాత నన్ను ఒడ్డుకు తీసుకుపోలేదు. వరాలు పెళ్ళికి వాకిట్లో చుట్టాల మీద నీడగా కట్టారు. నా కింద పైడమ్మ కూర్చుని, ఆ క్రిస్మస్ కథను వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. "నానడిగిన మాటకి ఆ దొరకి నోరు పడిపోయింది. పోలీసోళ్ళు దూరం జరిగిపోయినారు. కావలిస్తే మా గుంటనడగండి, ఆ మాట ఇంగిలీసులో చెప్పింది అదే."

చుట్టాలు పెళ్ళికూతురి వైపు తిరిగారు. "నిజమేనా వరాలూ?"

వరాలు తండ్రిని చూసింది. అప్పలసామి ఆకాశం వైపు, అంటే నా వైపు, చూస్తున్నాడు.

"నిజమే. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు" అంది వరాలు.

పైడమ్మ గర్వంగా తమలపాకు నోట్లో పెట్టుకుంది. ఆ గర్వంతోనే మరి కొన్నేళ్ళు బతికి, పోయింది.

ఆ దేశంలో చట్టాలు మారాయి. ఒడ్డున బోర్డు తీసేశారని షెడ్డులో ఉన్న నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నాలో ఎలుకలు కాపురం ఉంటున్నాయి. వరాలు మనవలకు విసిరితే వాటంతటవే తెరుచుకునే నైలాను గుడారాలున్నాయి. క్రిస్మస్ పొద్దున వాటిని తీసుకోవడానికి వాళ్ళు షెడ్డులోకి వస్తారు. వెనకే వరాలు, చేతిలో మూత పెట్టిన గిన్నెతో.

"ఆ పెరుగన్నం ఎవరికి మామ్మా?" అని ఈసారి చిన్నది అడిగింది.

"మా తాతకి."

"ఎంత ముసలాయన?"

"మూడేళ్ళు" అంది వరాలు.

పిల్లలు పగలబడి నవ్వారు. మూడేళ్ళ తాతేమిటని అడుగుతూ, ఆమె చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కుపోయారు.