గుండె బాగుచేసి తలకెందుకు స్కానింగ్?

టైలర్ మాస్టారికి గుండెలో వాల్వు మార్చారు. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి పని కానిచ్చేశారు. మర్నాడే ఆయన లేచి కూర్చుని, నర్సు యూనిఫాం కుట్టు వంకరగా ఉందని వంకలు పెట్టాడు. అంతా సవ్యంగానే ఉందనుకుంటుంటే, మెదడుకి స్కానింగ్ అంటూ చక్రాల కుర్చీ తెచ్చారు.

ఆయన భార్యకి అక్కడే అనుమానం మొదలైంది.

"గుండె బాగుచేసి తలకెందుకండీ స్కానింగ్?"

"మామూలుగా తీసేదేనమ్మా," అన్నాడు స్కానింగ్ తీసే ఆపరేటరు, ఆమె మొహం చూడకుండా.

తర్వాత వాల్వు మార్చిన డాక్టరమ్మ మాస్టారితో తలుపేసుకుని మాట్లాడింది. బయటికొచ్చాక అడిగితే "ఏం లేదు" అన్నాడాయన. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన "ఏం లేదు" అన్నాడంటే ఏదో ఉన్నట్టే.

ఇంటికొచ్చాక ఆయన్ని ఓ కంట కనిపెడుతూనే ఉంది. సూదిలోకి దారం ఎన్నోసారికి ఎక్కిందో చూసింది. గుండీలు సరిగ్గా పెట్టుకున్నాడో లేదో చూసింది.

"నేనేమన్నా దొంగనా?" విసుక్కున్నాడాయన.

"మరి దాస్తున్నదేంటో చెప్పండి."

ఆయన కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టాడు.

ఐదో రోజు పొద్దున్న కత్తెర అడగబోయి "క... క..." అని ఆగిపోయాడు. మూతి ఓ పక్కకి లాగేసింది. కుడిచెయ్యి బల్ల మీంచి జారిపోయింది. పక్షవాతానికి టైము ముఖ్యమని ఎక్కడో విన్నది గుర్తొచ్చి ఆమె ముందు గడియారం చూసి, వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఆస్పత్రి గుమ్మంలోనే "ఎనిమిదీ పదికి మొదలైంది!" అని అరిచింది.

మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డని తీసేశారు. టైముకి తెచ్చారంది డాక్టరమ్మ.

"మొన్న స్కానింగ్‌లో ఏం కనబడింది?" నిలదీసింది ఆమె.

"మూడు చిన్న చుక్కలు. వాల్వు మార్చేటప్పుడు పాత వాల్వు నుంచి సన్నటి తునకలు రక్తంతో పాటు మెదడుకి చేరి అలా చుక్కలు పెడుతుంటాయి. చాలామందికి పైకి ఏమీ తెలీదు. కానీ కనిపెట్టుకుని ఉండాలి. మీకు చెప్పొద్దని ఆయనే నా దగ్గర మాట తీసుకున్నారు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. మంచం పక్కన కూర్చుంది గానీ ఆయన చెయ్యి ముట్టుకోలేదు.

"నీకు... నిద్ర పట్టదని," అన్నాడాయన ముద్దముద్దగా.

"చెప్పకపోతే పట్టిందా?"

ఆయన దుప్పటి పైకి లాక్కోబోతే చెయ్యి సాగలేదు. ఆమే సర్దింది.

మాట చక్కబడడానికి రెండు వారాలు పట్టింది. చెయ్యి ఇంకా కాస్త మొద్దుగానే ఉంది. కోట్లు మానేసి దిండు గలేబులు కుడుతున్నాడు. ఆమె మాత్రం ప్రతి రిపోర్టూ వేరే డాక్టరుకి కూడా చూపించి చదివించుకుంటోంది.