గోవాలో నేర్చుకున్న డ్రమ్మరు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు రాక్ పాటలు, అందులోనూ ఎనభైల నాటి గొంతు చించుకునే పాటలు వాయించే బ్యాండు ఒకటుందంటే నమ్మేవాళ్లు తక్కువ. కానీ ఉంది. పేరు ‘ఐరన్ పిడుగు’. ఏడాదికి నాలుగైదు ప్రోగ్రాములు దొరికితే వాళ్లకదే పండగ. నలుగురు మనుషులు, నాలుగు విగ్గులు, ఆటోలకు సీటు కవర్లు కుట్టే ఆయన చేత కుట్టించుకున్న నాలుగు రెగ్జిన్ ప్యాంట్లు. ఎండాకాలంలో ఆ ప్యాంటు తొడుక్కోవడం ఒక శిక్ష, చెమట పట్టాక విప్పుకోవడం ఇంకో శిక్ష.

ఈమధ్య ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు నుంచి వీళ్లకు పిలుపొచ్చింది. పెళ్లికొడుకు సాఫ్ట్‌వేర్ కుర్రాడు, కాలేజీ రోజుల నుంచి ఈ పాటలంటే పిచ్చి. ఈవెంట్ మేనేజరు శ్రీనివాస్‌కి మాత్రం భయం పట్టుకుంది. పాటలెలాగూ ఎవరికీ అర్థం కావు, కనీసం మనుషులైనా గొప్పవాళ్లని తెలియాలి, ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు రాసిస్తే గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టిస్తానన్నాడు. దాంతో నలుగురూ తమలో ఒకడైన శైలేందర్ సెల్‌ఫోన్ కవర్ల షాపు మీది గదిలో బిర్యానీ పొట్లాలు ముందు పెట్టుకుని, ఎవరి గొప్పలు వాళ్లు రాసుకున్నారు.

పాటగాడు త్రినాథరావు లండన్ క్లబ్బుల్లో పాడానని రాశాడు. నిజానికి ఆయన అమలాపురం నుంచి వచ్చి కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పుకునే మనిషి, అటు విశాఖపట్నం, ఇటు ఈ ఊరు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. మైకు లేని హాల్లో ఏళ్ల తరబడి అరిచి అరిచి గొంతు పూర్తిగా గరగరలాడిపోయింది. డాక్టరు ఇక గట్టిగా మాట్లాడొద్దన్నాడు. ఆ దిగుల్లో ఒకరోజు స్నానాల గదిలో పాత క్యాసెట్ పాట అందుకుంటే, ఆ గొంతు ఆ పాటకి అతికినట్టు సరిపోయింది. గిటారు వాయించే సౌందర్య, తాను సంగీతం కోసం ఇంట్లోంచి పారిపోయానని రాసింది. పారిపోయిన మాట నిజమే, కానీ సంగీతం కోసం కాదు, సంగీతం నుంచి. వాళ్లమ్మ పట్టుబట్టి వీణ నేర్పించింది. ఈ పిల్ల ప్రతి తీగనీ తెగేదాకా లాగుతుంటే తట్టుకోలేక వీణ టీచరు తానే దండం పెట్టి పంపించేస్తే, అమ్మకి మొహం చూపించలేక అట్నుంచటే పారిపోయింది. ఇక శైలేందర్, బేస్ గిటారే తన ప్రాణమని రాశాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు దాన్ని మామూలు గిటారనే అనుకున్నాడు. ఆరుండాల్సిన చోట నాలుగే తీగలున్నాయేంటని గొడవపెట్టుకుని మరీ రేటు తగ్గించాడు. బేస్‌కి ఉండేవే నాలుగని తెలియక, మిగిలిన రెండు తీగలు ఎక్కడ దొరుకుతాయా అని నెలల తరబడి కోఠి అంతా గాలించాడు.

ఒకరి అసలు సంగతి ఇంకొకరికి తెలుసు కాబట్టి, ఒకరు రాసింది ఒకరు చదివి పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. డ్రమ్మరు జైపాల్ రాసింది చదివినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ‘గోవాలో విదేశీ గురువు దగ్గర మూడేళ్లు డ్రమ్స్ నేర్చుకున్న కళాకారుడు’ అని రాశాడతను. అది అందరూ నమ్మిన మాటే. బ్యాండులో చేరిన రోజు నుంచీ చెబుతున్నదే. నలుగురిలో నిజమైన చదువున్నది జైపాల్ ఒక్కడికే అని త్రినాథరావు పదిమందికీ చెప్పుకుంటాడు కూడా.

జైపాల్ గోవాకి వెళ్లింది ఒక్కసారే. అదీ స్నేహితులతో, రెండు రోజులకి. ఆ రెండు రోజులూ చేపల కూర పడక వాంతులతోనే గడిచాయి.

అతని డ్రమ్స్ చదువంతా మలక్‌పేటలోనే జరిగింది. నాన్న కనకరాజు పెళ్లిళ్లకు వాయించే బ్యాండు మేస్త్రి. ట్రంపెట్ ఊదితే రేస్‌కోర్సు గుర్రాలు కూడా చెవులు నిక్కించేవని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. జైపాల్ బడికెళ్లే రోజుల నుంచే నాన్న వెనక పెద్ద డోలు మోసేవాడు. ఒక బరాత్‌లో ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఎదురుపడి, నోటుని అతని మొహం ముందు ఆడిస్తూ, నోటితో అందుకోమని గెంతించాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కనకరాజు చూశాడు, ఏమీ అనలేదు, ఊదుతూనే ఉన్నాడు. ఆ రాత్రే జైపాల్ మేళం ఎర్రకోటు విప్పేసి, కాలేజీ కూడా మానేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గది చూసుకుని, బైక్ సర్వీస్ సెంటర్లో పనికి కుదిరాడు. గెంతించినవాడి మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఊదుతూనే ఉన్న నాన్న మీద మాత్రం చల్లారలేదు. అప్పటి నుంచీ తండ్రీ కొడుకుల మధ్య ఫోన్లో ‘తిన్నవా’, ‘తిన్న’ తప్ప వేరే మాట నడవడం లేదు.

పెళ్లిరోజు సాయంత్రం స్టేజీ మీద అంతా సిద్ధమైంది. రాత్రికి ముహూర్తం, ఈలోపు రిసెప్షన్, అందులో వీళ్ల ప్రోగ్రాం. పెళ్లికొడుకు వస్తేనే మొదలుపెట్టాలి. ఆయనేమో నాయనమ్మ పంతం వల్ల గుర్రమెక్కి, డీజే కాకుండా పాతకాలపు బ్యాండు మేళంతో సాగర్ రోడ్డు మీద ఊరేగుతూ వస్తున్నాడు. మేళం చప్పుడు హాల్లోకి లీలగా వినబడుతోంది.

జైపాల్ చేతిలోని కర్రలు ఆగిపోయాయి. ఆ పాట వరస అతనికి తెలుసు, అది నాన్న కట్టిన వరసే. కానీ ట్రంపెట్ వినబడటం లేదు. పెద్ద డోలు దెబ్బ ప్రతిసారీ కాస్త ఆలస్యంగా పడుతోంది. నాన్న మేళంలో ఎప్పుడూ డోలు కొట్టే అంతయ్య దెబ్బ అలా ఉండదు, తాగొచ్చినా అంతయ్య చెయ్యి తప్పదు. కుడి భుజం పైకి లేవనివాడు కొడితే ఉంటుంది అలా. తాను ఇల్లు వదలకముందు నాన్న మెట్ల మీంచి పడి ఆ భుజం విరిగినప్పుడు కట్టు కట్టించడానికి దవాఖానకు తీసుకెళ్లింది తనే. అంతయ్య రాలేదు, నాన్నే డోలు మోస్తున్నాడు అని జైపాల్‌కి అర్థమైపోయింది.

డోలు ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. లేచి వెళితే గోవా చదువు గంగలో కలుస్తుంది, ఇన్నేళ్ల మర్యాద పోతుంది, ఈ ముగ్గురూ తనని ఇక ఎలా చూస్తారో తెలియదు. వెళ్లకపోతే ఆ చప్పుడు ఇలాగే వింటూ కూర్చోవాలి. మూడోసారి ఆగినప్పుడు జైపాల్ కర్రలు కింద పెట్టాడు. ఇప్పుడే వస్తానని చెప్పి విగ్గుతోనే బయటికి పరుగెత్తాడు.

కనకరాజు రోడ్డు పక్కన వంగి నిలబడి ఉన్నాడు. మెడలో డోలు, దవడల మీంచి చెమట. పెళ్లికొడుకు మేనమామలు వాయించమని తొందరపెడుతున్నారు. జుట్టు భుజాల మీద పడి, కళ్లకు కాటుక పెట్టుకుని వచ్చిన మనిషిని కనకరాజు ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక తల తిప్పుకున్నాడు.

“ఇటియ్యి,” అన్నాడు జైపాల్.

“నీకేం పనిరా ఈడ. పో, నీ ప్రోగ్రాం ఉన్నది గద.”

జైపాల్ డోలు పట్టీ తీసి తన మెడలో వేసుకున్నాడు. మొదటి దెబ్బకే గుర్రం పక్కకి జరిగింది. కనకరాజు బీడువారిన నేల మీద వాన పడ్డట్టు మొహమంతా తడిసిపోతుండగా ట్రంపెట్ అందుకున్నాడు. ఆ తర్వాత సాగర్ రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి, మేనమామలు చొక్కాలు చెమటకు తడిసేదాకా ఎగిరారు, నాయనమ్మ కారు దిగి మరీ చేతులూపింది. రెగ్జిన్ ప్యాంటువాడు కూడా ప్యాకేజీలో భాగమే అనుకుని జనం ఫోన్లు పైకెత్తారు. జైపాల్‌కి చాలా ఏళ్ల తర్వాత హాయిగా అనిపించింది. ఆ హాయికి తనమీద తనకే సిగ్గేసింది.

గేటు దగ్గర మేళం ఆగేసరికి త్రినాథరావు, సౌందర్య, శైలేందర్ ముగ్గురూ అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ల వెనకే ఫ్లెక్సీ. త్రినాథరావు ముందుకొచ్చి, కనకరాజుకి నమస్కారం పెట్టి అడిగాడు.

“ఏవండీ, మా జైపాల్ మీకు ముందే తెలుసాండీ?”

కనకరాజు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“లేదు సార్. ఎవలో నాకు తెల్వది. ముసలోన్ని జూసి జాలిపడి డోలు అందుకున్నడు. గోవాల నేర్సుకున్న చెయ్యి గద, గందుకే గంత మంచిగ కొట్టిండు.”

గోవా సంగతి జైపాల్ తండ్రికి ఎన్నడూ చెప్పలేదు. ఊరేగింపు ఎక్కడ ఆపాలో చూసుకోవడానికి మధ్యాహ్నం ఇక్కడికి వచ్చి ఉంటాడు. ఈ ఫ్లెక్సీ ముందు నిలబడి, కూడబలుక్కుంటూ మొత్తం చదివి ఉంటాడు. అందులో తన పేరు ఎక్కడా లేదని చూసి, కొడుకు పరువు పోకూడదని అప్పుడే నిర్ణయించుకుని ఉంటాడు. ఆనాడు బరాత్‌లో ఏమీ అనకుండా ఊదుతూ ఉన్నది కూడా ఇలాంటి లెక్కతోనేనని జైపాల్‌కి ఇప్పుడు తోచింది. తండ్రి ఆగి గొడవపడితే నవ్వే కళ్లన్నీ కొడుకు మీదే ఉంటాయి. పాట సాగితే జనం అటు మళ్లిపోతారు. ఇది అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టినందుకు అతనికి ఏడుపొచ్చింది. కాటుక కరిగి బుగ్గల మీదికి జారింది.

“సార్, గీయన మా నాయిన,” అన్నాడు. “నాకు అన్నీ నేర్పింది ఈయన్నే. గోవాల నేను రెండు రోజులే ఉన్న, అది గూడ వాంతులు జేసుకుంట.”

శైలేందర్ నవ్వబోయి మానేశాడు. సౌందర్య ఫ్లెక్సీ వైపు, తాను పారిపోయానని రాసుకున్న వాక్యం వైపు చూసి తల దించుకుంది. శ్రీనివాస్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, పెళ్లికొడుకు కూర్చున్నాడు, తొందరగా రండని చేతులు ఊపుతున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. త్రినాథరావు ఆ గరగర గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని కనకరాజుని మళ్లీ అడిగాడు.

“మీ అబ్బాయేనాండీ?”

కనకరాజు, చెప్పొచ్చా అన్నట్టు కొడుకు మొహంలోకి చూశాడు. జైపాల్ తల ఊపాడు.

“నా కొడుకే సార్,” అన్నాడు కనకరాజు. “పసిగున్నప్పుడు ఉయ్యాలల పండుకునేటోడు గాదు. వాళ్లమ్మ వీన్ని డోలు మీద పండుకోబెట్టేది. నేను ఏలితోని మెల్లగ కొడితెనే నిద్రపోయేది. ఆపిన్ననుకో, లేసి ఒకటే ఏడుపు. కిరాయి ఇంటోళ్లు లొల్లి వెట్టేటోళ్లు...”

శ్రీనివాస్ మళ్లీ పిలిచాడు. కనకరాజు చెబుతూనే ఉన్నాడు, జైపాల్ కూడా ఆపమనలేదు.