పన్నెండు గీతల పన్ను

దుప్పి దవడ వెండెలిన్ చేతిలో పెడితే, అది ఏ ఏడు పుట్టిందో చెప్పేస్తాడని లోయలో పేరు. ఇరవై ఆరేళ్ళుగా ఆ పేరు మీదే బతుకుతున్నాడాయన. మార్చి వచ్చిందంటే, పోయిన శరత్కాలంలో లోయ వేటలో పడిన ప్రతి మగ దుప్పి కొమ్ములూ సత్రం హాల్లో గోడలకెక్కుతాయి. ఒక్కో జత కొమ్ముల కింద దాని కింది దవడ తీగతో వేలాడుతుంటుంది. ముందురోజు ముగ్గురు పెద్దలు కూర్చుని ఒక్కో దవడా చూసి వయసు రాస్తారు. ముగ్గురంటే మాటకే. మిగతా ఇద్దరూ వెండెలిన్ మొహం చూసి తలాడించడానికి వస్తారు.

లెక్క సూటిగానే ఉంటుంది. పదేళ్ళు నిండిన దుప్పిని కొట్టొచ్చు. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ దాకా ఉన్నది మందకి బలం, దాని జోలికి పోకూడదు. ముసలిదాన్ని కొడితే కొమ్ములు బిగించిన పలక మీద పచ్చ చుక్క పడుతుంది, నడివయసుదాన్ని కొడితే ఎర్ర చుక్క. ఎర్ర చుక్క పడితే ఆ వేటగాడికి మరుసటేడు దుప్పిని కొట్టే వాటా ఉండదు. అదొక శిక్షే కాదు. రెండ్రోజులపాటు లోయంతా గ్లాసులు పట్టుకుని ఆ చుక్క ముందు నిలబడి, "అయ్యో పాపం" అనుకుంటూ పోవడం, అదీ శిక్ష.

ఆ ఏడు ఎర్ర చుక్క బుర్గికి పడింది. బుర్గి పాల ట్యాంకరు నడుపుతుంది, నలభై దాటింది, పెళ్ళాడలేదు. పదిహేనేళ్ళు ఆడ దుప్పులతో, దూడలతో సరిపెట్టుకుని, మొన్న శరత్కాలంలోనే మొదటిసారి పెద్ద కొమ్ముల దుప్పిని కొట్టింది. పదకొండేళ్ళుంటాయని రాసిచ్చింది. వెండెలిన్ వెనక దవడపన్నుని బొటనవేలితో రుద్దాడు. గట్లు పెద్దగా అరగలేదు, ఇంకా గరుగ్గా తగిలాయి. "ఎనిమిది," అన్నాడు. పక్కన ఇద్దరూ తలాడించారు.

మర్నాడు హాల్లో నూటయాభై మంది. పేర్లు చదువుతుంటే బుర్గి లేచి నిలబడింది.

"వెండెలిన్, ఇంకోసారి చూడు. రెండేళ్ళు దాన్నే కనిపెట్టుకుని ఉన్నా. నడుం వంగింది, మెడ కింద తోలు వేలాడుతోంది. ఎనిమిదేళ్ళ దుప్పి అట్లా నడవదు."

వేటగాళ్ళ మధ్య మీరు గీరు ఉండవు, అందరికీ నువ్వే. పళ్ళు చూపించి నాలుగు మాటల్లో చెప్పి కూర్చోబెట్టొచ్చు ఆమెని. కానీ నూటయాభై మొహాలు తనవైపే చూస్తున్నాయి, కడుపులో రెండు బీర్లున్నాయి.

"నడుం వంగినవన్నీ ముసలివైతే, ఈ హాల్లో సగం మందిని పోయినేడే కాల్చేయాల్సింది," అన్నాడు. నవ్వులు. ఆ నవ్వులు సరిపోలేదు ఆయనకి. "దుప్పిని చదవడమంటే పాల బండి నడపడం కాదు బుర్గీ. గేర్లుండవు."

హాలు ఘొల్లుమంది. బుర్గి చెవుల దాకా ఎర్రబడి కూర్చుంది. అంతా అయ్యాక కొమ్ముల్ని ఆమే దించుకుని, ట్యాంకరులో పక్క సీటు మీద పెట్టుకుని పోయింది.

పోయి ఊరుకోలేదు. ఆ దవడలోంచి ఒక పన్ను పీకి నగరంలో పరిశోధనశాలకి పంపింది. వాళ్ళు పంటి వేరుని కాగితమంత పల్చగా కోసి, భూతద్దం కింద గీతలు లెక్కపెడతారు. చలికాలానికో గీత. అర్జీ మీద వయసు రాసిన పెద్ద సంతకం కావాలి, జవాబు కూడా ఆయన పేరుకే వస్తుంది. వెండెలిన్ నవ్వుతూనే సంతకం పెట్టాడు.

ఏప్రిల్ రెండో వారంలో జవాబు వచ్చింది. పన్నెండు గీతలు. కింద ఒక ముక్క రాశారు: చలికాలాల్లో మెత్తని మేత తిన్న దుప్పుల పళ్ళు తక్కువ అరుగుతాయి, కాబట్టి అరుగుదలని చూసి వయసు చెప్తే పొరపాటు రావచ్చు.

ఆ ముక్క వెండెలిన్ రెండుసార్లు చదివాడు. కొండ మీద దుప్పులకి చలికాలంలో మేత వేసే కొట్టం ఆయనదే. ఆరేళ్ళ కిందట వానలకి ఎండుగడ్డి కుళ్ళిపోతే, పాతర గడ్డి, అంటే గుంటలో మగ్గబెట్టిన మెత్తని పచ్చిమేత, వెయ్యడం మొదలుపెట్టింది ఆయనే. "నా దుప్పులు వెన్న తిన్నట్టు తింటాయి," అని ఊరంతా చెప్పుకు తిరిగింది కూడా ఆయనే. బుర్గి దుప్పి ఆ కొట్టం దగ్గర పెరిగిందే. ఈ సంగతి లోయలో ఒక్కడికి తట్టాలంటే అది తనకే తట్టాలి. తట్టలేదు. చేతికి తగిలిన గట్లని నమ్మాడు, ఆ చేతికున్న పేరుని నమ్మాడు.

రేపు చెప్దాం అనుకుని ఉత్తరాన్ని వంటింటి బల్ల సొరుగులో, రొట్టె కోసే కత్తి కింద పెట్టాడు. ఆ రేపు పద్దెనిమిది రోజులైంది. మే మొదటి శుక్రవారం వేట సంఘం వాటాలు పంచే సమావేశం. బుర్గి వాటా ఇంకొకరి పేరున రాసేసి ఉంది, సంతకాలే మిగిలాయి.

"ఆ సొరుగులో ఏం పెట్టావు, పొదిగే కోడినా? గంటకోసారి తీసి చూస్తున్నావు," అంది ఆయన భార్య ఫిలొమేనా.

సమావేశానికి రెండ్రోజుల ముందు, బుధవారం పొద్దున, పాల ట్యాంకరు ఇంటి కింద ఆగింది. తెలిసిపోయింది, అనుకున్నాడు. బుర్గి లోపలికొచ్చి గుడ్డలో చుట్టిన పొగబెట్టిన మాంసం బల్ల మీద పెట్టింది.

"తప్పు నాదే వెండెలిన్. అందరి ముందూ నీతో వాదించా. ఆ నగరం వాళ్ళు జవాబైనా రాయలేదు చూడు, నా మొండితనం చూసి వాళ్ళకే నవ్వొచ్చి ఉంటుంది. పళ్ళు చదవడం నేర్పు నాకు. మళ్ళీ అట్లాంటి పని చెయ్యకూడదు."

అప్పుడు చెప్పాల్సింది. "కూర్చో," అన్నాడు.

ఆమె సరిగ్గా ఆ సొరుగు ముందే కూర్చుంది. లోపల్నుంచి మూడు దవడలు తెచ్చి వరసగా పెట్టాడు: నాలుగేళ్ళది, ఎనిమిదేళ్ళది, పన్నెండేళ్ళది. పళ్ళు అరిగేకొద్దీ ఎక్కడ గోధుమరంగు గీత వెడల్పవుతుందో, గట్టు ఎక్కడ గిన్నెలా లోతు పడుతుందో ఆమె వేలు పట్టుకుని చూపించాడు. చెప్తూ చెప్తూ పాత ఊపు వచ్చేసింది. ఓ పావుగంట ఉత్తరం సంగతే మరిచిపోయి హాయిగా ఉన్నాడు. తర్వాత ఆ పావుగంటని తల్చుకున్నప్పుడల్లా ఆయనకి ఒళ్ళు ముడుచుకుపోయేది.

బుర్గి సంచిలోంచి తన దవడ తీసి, ఎనిమిదేళ్ళదాని పక్కన పెట్టింది. పన్ను పీకిన చోట సందు. చాలాసేపు దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూసింది.

"అవును. ఎనిమిదే. ఎంత గుడ్డిదాన్ని! రెండేళ్ళు పొద్దున్నే కొండెక్కి చూశా దాన్ని. ఏం చూశానో ఏమో. ముసలిది కావాలని మనసులో పెట్టుకుని చూసుంటా. ఇక నా కళ్ళని నేను నమ్మను బాబూ."

"మంచి పిల్ల, ఒప్పుకుంది," అంది ఫిలొమేనా బంగాళాదుంపలు చెక్కుతూ. "ఈ లోయలో మగాడొక్కడు ఇట్లా ఒప్పుకుంటే చూసి చచ్చిపోదామని ఉంది నాకు."

ఎర్ర చుక్క పెట్టినప్పుడు ఆమె పరువే తీశాననుకున్నాడు వెండెలిన్. ఇప్పుడు ఆమె కళ్ళు తీస్తున్నాడు. ఆ కళ్ళు దుప్పిని సరిగ్గా చూశాయి, తన బొటనవేలు కంటే సరిగ్గా చూశాయి.

"కుర్చీ కొంచెం వెనక్కి జరుపు," అన్నాడు.

సొరుగు లాగి ఉత్తరం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చదివింది. మళ్ళీ కాగితం పైనున్న తారీకు చదివింది.

"ఇదొచ్చి పద్దెనిమిది రోజులైంది."

"అవును."

"ఇందాక నేను తప్పు నాదేనన్నప్పుడు ఇది ఇందులోనే ఉంది."

"ఉంది."

"నాకు నేర్పుతున్నప్పుడూ."

ఆయన తలాడించాడు. ఫిలొమేనా కత్తి ఆగిపోయింది. బుర్గి అరిస్తే బాగుండేది. అరవలేదు. దవడ సంచిలో వేసుకుంది. ఉత్తరం మడిచి బల్ల మీదే పెట్టింది. గుడ్డలో చుట్టిన మాంసం వైపు ఒకసారి చూసి, దాన్ని కూడా తీసి సంచిలో వేసుకుంది.

"శుక్రవారం హాల్లో చెప్పు. అధ్యక్షుడి చెవిలో కాదు, అందరికీ వినబడేలా. నవ్వించినప్పుడు బాగానే వినబడింది నీ గొంతు. ఎప్పుడొచ్చిందో కూడా చెప్పు."

తలుపు మెల్లగానే వేసి పోయింది. రాత్రి భోజనం దగ్గర ఫిలొమేనా, "అది సొరుగులో పెట్టుకుని, నా ముందే నేర్పావు కదయ్యా," అంది. ఆయన తినకుండానే లేచాడు.

శుక్రవారం అధ్యక్షుడు కాసియన్ వాటాల కాగితం విప్పకముందే వెండెలిన్ లేచాడు.

"బుర్గి దుప్పికి పన్నెండేళ్ళు. నేను ఎనిమిదన్నాను."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇద్దరు గ్లాసులు కింద పెట్టి ఆయన మొహంలోకి చూశారు, తర్వాతి మాటకి నవ్వడానికి సిద్ధంగా. ఆయన ఉత్తరం పూర్తిగా చదివాడు. పాతర గడ్డి వేసింది తనేనని చెప్పాడు. అక్కడితో ఆపెయ్యాలనిపించింది. గోడవారగా నిలబడ్డ బుర్గి ఆయన్నే చూస్తోంది.

"ఇది ఇరవై రోజుల కిందట వచ్చింది. దాచాను."

నవ్వడానికి కూర్చున్నవాళ్ళు ఎటు చూడాలో తెలియక గ్లాసుల్లోకి చూసుకున్నారు. కాసియన్ దగ్గి, "సరే సరే, పొరపాట్లు ఎవరికుండవు! బుర్గి వాటా బుర్గికే. ఇక పనిలో పడదాం," అన్నాడు గబగబా.

"ఆగు కాసియన్." వెనక నుంచి వడ్రంగి సెరఫిన్ లేచాడు. అరవై ఏళ్ళవాడు, సమావేశాల్లో నోరు విప్పడు. "మా నాన్న దుప్పి సంగతేంటి వెండెలిన్? నాలుగేళ్ళ కిందటిది. అదీ నీ కొట్టం దగ్గరిదే. ఎర్ర చుక్క పెట్టావు."

వెండెలిన్‌కి గుర్తుంది. ముసలాయన చుక్క చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఏమో సెరఫిన్. తప్పయి ఉండొచ్చు."

"ఉండొచ్చా? ఆ తర్వాత ఆయన తుపాకి ముట్టలేదు. పోయేముందు కూడా, తొందరపడ్డాన్రా, కాసేపు ఆగి చూడాల్సింది, అని అదే గొణుగుడు."

వెండెలిన్ చెయ్యి బల్ల అంచు పట్టుకుంది.

"దవడ ఉందా?"

"గోడకే ఉంది. తియ్యనిచ్చేవాడు కాదు."

"తీసుకురా. పన్ను పంపిద్దాం. జవాబు మీ ఇంటికే రమ్మని రాయి. నాకొద్దు."

కిటికీ పక్కన ఇంకొకడు లేచాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు. కాసియన్ నెత్తి పట్టుకున్నాడు. బుర్గి అప్పటికే తన వాటా చీటీ తీసుకుని సాయంత్రం పాలకి వెళ్ళిపోయింది. వెండెలిన్ ఒక కాగితం అడిగి తీసుకుని, నిలబడే, ఒక్కొక్కరి పేరూ, ఏ ఏటి దుప్పో అడిగి రాసుకోవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు సెరఫిన్ తండ్రిది.