ఉడికిన ఎముక

సూళ్లూరుపేటలోని ఒక బిరియానీ హోటల్లో గిన్నెలు తోమే కామమ్మ, పని ముగిశాక ఎంగిలి ప్లేట్లలోని కోడి ఎముకలన్నీ కవరులో వేసుకుని ఇంటికి బయలుదేరేది. వీధి మలుపు తిరగగానే కుక్కలు తోకలాడిస్తూ ఎదురొచ్చేవి. పారేసే ఎముక మూగజీవి ఆకలి తీరుస్తుంటే చూసేవాళ్లకు ముచ్చటగా ఉండేది. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. మనలో మాత్రం ఎందరికి తోచింది?

ఆ కుక్కల్లో రాణి ఆమె గుమ్మం విడిచేది కాదు. భర్త పోయాక కామమ్మ మాటలు ఓపిగ్గా వినేది అదొక్కటే.

ఒకనాడు రాణి వాంతులు చేసుకుంది. ముడుచుకుని మూలిగింది. ముక్కితే నెత్తురు చుక్కలు పడ్డాయి. కామమ్మ నేరుగా పక్కింటి గంగులయ్య మీదికి వెళ్లింది. అతని కోడిపిల్లను రాణి పట్టుకుపోయిందని అంతకుముందే పెద్ద గొడవైంది.

"ఏం పెట్టినావయ్యా నా కుక్కకి? మందు పెట్టి చంపాలనుకున్నావా?" అని వీధంతా వినేలా అడిగింది.

గంగులయ్య ముఖం మాడిపోయింది. "నేను దాన్ని తిట్టింది నిజమే. మందు పెట్టేంత పాపిష్టోణ్ణి కాదక్కా," అన్నాడు. వెంటనే తన ఆటో తీసి, రాణిని గోనెపట్టాలో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టర్ డెబోరా దానికి మత్తిచ్చి, చాలాసేపు శ్రమపడి, పేగు చివర ఇరుక్కున్న ముక్కలు బయటికి తీసింది. పళ్లెంలో సూదుల్లా కోసుగా ఉన్న వాటిని చూడగానే కామమ్మ గుర్తుపట్టింది. అవి తను పెట్టిన ఎముకలే.

"ఉడికిన ఎముక పెళుసవుతుందమ్మా. కొరికితే చీలికలై గొంతునీ పేగునీ కోసేస్తుంది," అంది డాక్టరు.

"కుక్క తినేది ఎముకలే గదా తల్లీ?"

"పెట్టాలనిపిస్తే పచ్చిది, తాజాది, మింగలేనంత పెద్దది పెట్టండి. అదైనా ఎప్పుడో ఒకసారి. తిన్నంతసేపూ దగ్గరే ఉండండి. చిన్నదైపోతే లాక్కోకండి, కరుస్తుంది. ఇంకేదైనా తిండి చూపించి తీసేయండి. పచ్చి ఎముకతోనూ పన్ను విరగొచ్చు, అందుకే కనిపెట్టి ఉండాలి. రోజూ కడుపు నింపాల్సింది మాత్రం ఎముక ఏరేసిన మాంసమూ అన్నమూ."

కామమ్మ బయటికొచ్చింది. గంగులయ్య ఆటో పక్కనే నిలబడి ఉన్నాడు.

"అందరి ముందరా నీ మీద నింద వేసినాను. తప్పు నాదేనని అందరి ముందరే చెప్తానయ్యా," అంది కళ్లు తుడుచుకుంటూ.

"కావాలని పెట్టినావా ఏంది? ముందు దానికెట్టుందో చెప్పక్కా."

రాణి మెల్లగా కోలుకుంది. కామమ్మ అన్న మాట నిలుపుకుంది. వీధివాళ్లను పిలిచి, తన వల్ల జరిగింది దాచకుండా చెప్పి, చివరికి ఇలా అంది:

"నేను ప్రేమతోనే పెట్టినాను, ఆ ప్రేమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. నోరులేని జీవికి ఏదైనా పెట్టేముందు, అది దానికి మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలుసుకుని పెట్టండి."